మోటారు సైకిళ్ళపై కన్యాకుమారి దాకా
(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు ప్రాముఖ్యాన్ని నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు వివరించారు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు గురించి మళ్ళీ చెప్పి మీ భోజనం వేళ దాటించను. కరువు భత్యం బకాయిల సంగతి కార్యదర్శి గారు చూసుకుంటారు. నాకు వారు అప్పగించిన విషయం వేరు. "మీరు వయసులో ఉండగా స్నేహితులతో మోటారు సైకిళ్ళ మీద కన్యాకుమారి వెళ్ళి వచ్చారట, అది చెప్పండి, మనవాళ్ళలో చాలామందికి ఇప్పుడది అవసరం" అన్నారు.

అవసరం ఏమిటంటే, మన సభ్యుల్లో సగం మందిమి ఇప్పుడు కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ ప్రాంతాల్లో పిల్లల దగ్గర ఉంటున్నాము. 1998 నవంబరులో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి అక్కడ రాళ్ళ గుట్టలు తప్ప ఏముండేవి? ఇప్పుడు ప్రతి ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ప్రతి సెల్లారులో ఒక పెద్ద మోటారు సైకిలు. ఆదివారం తెల్లవారుజామున మనం పాల పాకెట్ల కోసం కిందికి దిగేసరికి నాలుగైదు బుల్లెట్లు వరుసగా గుడగుడలాడుతూ వెళ్తుంటాయి. మొదట అనంతగిరి అంటారు, తర్వాత శ్రీశైలం అంటారు, ఆ తర్వాత ఒకనాడు దక్షిణ దేశం మొత్తం చుట్టి వస్తామంటారు. తల్లిదండ్రులు వద్దంటారు. పంచాయితీ మన ముందుకు వస్తుంది. ఏం చెప్పాలో తెలియక మనం పేపరు చదువుకుంటున్నట్టు నటిస్తాము.

మేము వెళ్ళినది 1981 జనవరిలో. ఆదివారం 18వ తేదీన బయలుదేరి ఫిబ్రవరి 8 ఆదివారం తిరిగి వచ్చాము. ఆర్జిత సెలవు 20 రోజులు, ముందు ఆదివారం ప్రిఫిక్సు, వెనుక ఆదివారం సఫిక్సు, హెడ్ క్వార్టర్సు విడిచి వెళ్ళడానికి అనుమతి, అన్నీ పద్ధతి ప్రకారం పెట్టాము. ప్రయాణ రాయితీ బిల్లు పెడదామా అని ఒకరంటే, టికెట్టు ఏదని అడిగితే మోటారు సైకిలు గంట కోసి జత చేస్తావా అని మా అకౌంట్సు మిత్రుడు నవ్వాడు.

మొత్తం అయిదుగురం, మూడు బండ్లు. ఇరిగేషను శాఖలో ఓవర్సీయరు గారిది బుల్లెట్టు. ఆయన వెనుక మా డిస్పాచ్ సెక్షను కుర్రవాడు. టైపిస్టు మిత్రుడిది సెకండుహాండు జావా. అకౌంట్సు మిత్రుడిది రాజ్‌దూత్, ఆయన వెనుక నేను. నాకు మోటారు సైకిలు లేదు. నాకున్నది సైకిలు. అందుచేత నాకు అప్పగించిన బాధ్యతలు రెండు, దారి పటం పట్టుకోవడం, ఖర్చుల పుస్తకం రాయడం. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఈ రోజు తెచ్చాను. అయిదుగురిలో ఇప్పుడు మిగిలింది ఇద్దరం. రెండో వారు టైపిస్టు గారు, ఇదిగో రెండో వరుసలో కూర్చున్నారు. నేను తేడాగా చెబితే లేచి నిలబడతారు.

బండ్ల గురించి ఒక మాట. ఆ రోజుల బుల్లెట్టుకు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. జావాకు గేరు ఎడమకాలికి, పైగా గేరు వేసే కడ్డీనే వెనక్కి తిప్పి కిక్కు కొట్టాలి. ఒకరి బండి మరొకరు నడిపితే బ్రేకు అనుకుని గేరు తొక్కుతారు. కాబట్టి ఎవరి బండి వారే నడపాలని మొదటి రోజే అనుకున్నాము. జావాకు, రాజ్‌దూత్‌కు పెట్రోలులో ఆయిలు కలిపి పోయించాలి, బుల్లెట్టుకు అక్కర లేదు. ప్రతి బంకు దగ్గర ఓవర్సీయరు గారు ఇంజను ఆపకుండానే మా ఆయిలు కలపడం అయ్యేదాకా గడియారం చూసుకునేవారు. అసలు తగువుకు విత్తు అక్కడే పడింది.

దారి అప్పుడు ఏడో నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు దానిది 44వ నంబరు. శంషాబాద్, షాద్‌నగర్, జడ్చర్ల, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, తుంగభద్ర దాటి మొదటి రాత్రి కర్నూలు. అప్పుడు నాలుగు వరుసల రోడ్డు కాదు. ఎదురుగా లారీ వస్తే మట్టిలోకి దిగి, అది వెళ్ళాక మళ్ళీ ఎక్కాలి. గుత్తి, అనంతపురం, పెనుకొండ, అక్కణ్ణుంచి హిందూపురం మీదుగా లేపాక్షి. లేపాక్షి బసవన్న ముందు నిలబడి తీసుకున్న ఫొటో మా ఇంట్లో గోడకు ఉంది. బెంగుళూరు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మైసూరులో మాత్రం టైపిస్టు గారు పట్టుబట్టి మమ్మల్ని ఐడియల్ జావా ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకువెళ్ళి, బండికి పుట్టిల్లు చూపిస్తున్నానని బయట నిలబెట్టి ఫొటో తీయించారు. 1961లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2018 నుంచి జావా పేరుతో మళ్ళీ వేరే బండ్లు వస్తున్నాయి, మీ మనవళ్ళకు తెలుసు.

మైసూరు నుంచి బందీపురం అడవి, మసినగుడి, అక్కడ నుంచి కల్హట్టి కనుమ ఎక్కి ఊటీ. ఆ కనుమలో 36 మలుపులు. రాజ్‌దూత్ ఇద్దరిని, సామానును మోయలేక మొరాయిస్తుంటే చాలాచోట్ల నేను దిగి నడిచాను. మా అకౌంట్సు మిత్రుడికి ఉబ్బసం. ఊటీ చలికి ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. వారి ఇంట్లో వదిన గారు మాత్రలు, కషాయం పొడి ఒక గుడ్డసంచిలో కట్టి ఇచ్చారు. పొద్దున సామాను సర్దేటప్పుడు బరువు తగ్గిద్దామని మా సంచులు రెండు బుల్లెట్టు మీదికి మార్చారు. మాత్రల సంచీ వాటిలో ఒకటి.

ఆ రోజు 24వ తేదీ, శనివారం. ఊటీ దిగి కోయంబత్తూరు, పొల్లాచ్చి, పళని. పళని దాటాక సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో మా బండి క్లచ్చి వైరు తెగింది. బుల్లెట్టు, జావా అప్పటికే ముందుకు వెళ్ళిపోయాయి. వెనక్కి చూడలేదు. వస్తారని చీకటి పడేదాకా రోడ్డు పక్క నిలబడ్డాము. రాలేదు. క్లచ్చి లేకపోయినా నెట్టి గేరులో పడేసి ఎక్కవచ్చు కదా అని తెలిసినవారు అడుగుతారు. ఆయన ప్రయత్నించాడు. రెండుసార్లు నెట్టేసరికి ఆయాసం వచ్చి రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. అప్పుడు జేబు తడుముకున్నాడు, తర్వాత నావైపు చూశాడు. మాత్రల సంచీ బుల్లెట్టు మీద ఉందని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పిల్లి కూత. అప్పటికి నాకు 29 ఏళ్ళు, ఆయనకు 41. తమిళం ఒక్క ముక్క రాదు. ఫోను లేదు. మందుల షాపు ఎంత దూరమో తెలియదు.

ఒడ్డన్‌చత్రం కూరగాయల మార్కెట్టుకు సరుకు దించి తిరిగి వస్తున్న ఎడ్లబండి ఒకటి మమ్మల్ని దాటి ఆగింది. మేమిద్దరం మాట్లాడుకుంటున్నది విని ఆ రైతు, "మీరు తెలుగోళ్ళా సామీ?" అన్నాడు. ఆ ప్రాంతంలో తెలుగు ఇళ్ళు ఉన్నాయని నేనంతకు ముందు వినలేదు. నాయక రాజుల కాలంలో వాళ్ళ పెద్దలు దిగి వచ్చారట. చదవడం, రాయడం తమిళమే, ఇంట్లో మాట తెలుగు. మాటలు కొంత మారాయి, కొంత మన తాతల నాటివి అలాగే ఉన్నాయి. ఆయన, నేను, దారిన పోయే మరొకరు కలిసి రాజ్‌దూత్‌ను ఖాళీ బండిలోకి ఎక్కించాము. వాళ్ళ ఇంట్లో ఇల్లాలు మిరియాలు, శొంఠి మరిగించి తాగించింది. పడుకుంటే ఊపిరి ఆడదని మా మిత్రుడు గోడకు ఆనుకుని రాత్రంతా కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. తెల్లవారుజాముకు కాస్త నెమ్మదించింది. ఆ రైతు కొడుకు సైకిలు బ్రేకు వైరు తెచ్చి క్లచ్చికి ముడివేశాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఖర్చుల పుస్తకంలో ఆ రాత్రి పేజీలో ఒకటే పద్దు ఉంది, పిల్లలకు బిస్కెట్లు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బయలుదేరే ముందు నేను ఒక నియమం రాయించాను. ఎవరైనా తప్పిపోతే తర్వాతి జిల్లా కేంద్రంలో హెడ్ పోస్టాఫీసు ముందు ఉదయం పది గంటలకు కలుసుకోవాలి. పోస్టాఫీసు లేని జిల్లా కేంద్రం ఉండదు, ఎవర్ని అడిగినా చెబుతారు. అందరూ నన్ను ఎగతాళి చేశారు, ఆఫీసు బుద్ధి పోలేదని. అయితే మర్నాడు పదిన్నరకు మేము మదురై చేరేసరికి, ఆదివారం కనుక తాళం వేసిన పోస్టాఫీసు ముందు మిగతా ముగ్గురూ నిలబడి ఉన్నారు.

వాళ్ళు దిండిగల్లులో రాత్రి తొమ్మిది దాకా చూశారట. వెనక్కి వెళ్దామని టైపిస్టు గారు, వాళ్ళే వేరే దారిన ముందుకు పోయి ఉంటారని ఓవర్సీయరు గారు. చివరికి ఆయన మాటే నెగ్గి మదురై వచ్చేశారు. మమ్మల్ని చూడగానే ఆయన కేకలు మొదలుపెట్టారు. రాత్రంతా మీ కోసం నిద్ర లేదు, అంత మెల్లగా నడిపేవాళ్ళు ఇంటి దగ్గరే ఉండవలసింది అన్నారు. మా అకౌంట్సు మిత్రుడు ఒక్క మాట తిరిగి అనలేదు. బుల్లెట్టు దగ్గరికి వెళ్ళి, తాడు విప్పి, గుడ్డసంచీ తీసి, మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు లేకుండానే మింగాడు. ఓవర్సీయరు గారు ఆ సంచీ వైపు, ఆయన వైపు చూశారు. కేకలు ఆగిపోయాయి. ఆ రోజు మధ్యాహ్నం ఎవరూ అన్నం సరిగా తినలేదు. సాయంత్రం మీనాక్షి గుడి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆయనే అన్నారు, "రేపటి నుంచి రాజ్‌దూత్ ముందు, నేను ఆఖర్న."

అందరికన్నా మెల్లని బండి ముందు నడవాలి, బలమైన బండి వెనుక రావాలి. దారి చీలిన ప్రతిచోటా ముందున్నవాడు ఆఖరివాడు కనిపించేదాకా ఆగాలి. ఎవరి మందులు వారి చొక్కా జేబులో. మిగతా 14 రోజులు ఇలాగే నడిచాము. బుల్లెట్టును రాజ్‌దూత్ వెనుక నడపడం ఓవర్సీయరు గారికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక్కసారి కూడా దాటలేదు.

కోవిల్‌పట్టి ప్రాంతంలో కూడా తెలుగు వినిపించింది. పక్కనే ఎట్టయాపురం. ముత్తుస్వామి దీక్షితుల వారు 1835లో అక్కడే కాలం చేశారు. సుబ్బరామ దీక్షితుల వారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఆ ఊళ్ళో తెలుగు లిపిలో అచ్చయింది. తిరునెల్వేలి దాటాక ఆరల్వాయిమొళి కనుమలో పక్కగాలి బండిని రోడ్డు అంచుకు నెడుతుంది. జనవరిలోనే అలా ఉంటే, నైరుతి ఋతుపవనాల నెలల్లో ఇంకెంతో ఊహించండి. ఇప్పుడక్కడ ఎటు చూసినా గాలిమరలు. అప్పుడు ఒక్కటీ లేదు. కన్యాకుమారిలో వివేకానంద శిలా స్మారకం అప్పటికి కొత్త, 1970 సెప్టెంబరులో మన వి.వి. గిరి గారు రాష్ట్రపతిగా ప్రారంభించారు. 133 అడుగుల తిరువళ్ళువర్ విగ్రహం 2000 జనవరి 1న వచ్చింది. రెండింటినీ కలిపే అద్దాల వంతెన 2024 డిసెంబరులో.

రామేశ్వరానికి అప్పుడు రోడ్డు లేదు. పాంబన్ రోడ్డు వంతెన 1988లో తెరిచారు. మేము మండపంలో బండ్లు వదిలి రైలెక్కి సముద్రం దాటాము. తిరువయ్యారులో త్యాగరాజ స్వామి ఆరాధనోత్సవాలు అంతకు కొద్ది రోజుల ముందే ముగిశాయి. కావేరి ఒడ్డున సమాధి దగ్గర మేము అయిదుగురమే ఉన్నాము, అకౌంట్సు మిత్రుడు సన్నగా ఒక కీర్తన అందుకున్నాడు, ఆయాసం లేకుండా పూర్తి చేశాడు. తర్వాత మద్రాసు, అక్కడ జావాకు మూడు రోజుల వైద్యం, నెల్లూరు, విజయవాడ, ఇల్లు. పుస్తకం ప్రకారం మొత్తం 3,000 కిలోమీటర్ల పైచిలుకు, 22 రోజులు. రోజుకు సగటున 140 కిలోమీటర్లు.

ఈ 140 అంకెను దయచేసి గుర్తుంచుకోండి.

మా మనవడికి 24 ఏళ్ళు, గచ్చిబౌలిలో ఉద్యోగం. ఈ మధ్య వాడూ నలుగురు స్నేహితులూ కన్యాకుమారి వెళ్తామన్నారు. మా అబ్బాయి, కోడలు వద్దన్నారు. వాడు నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, మీరు వెళ్ళారు కదా, చెప్పండి వాళ్ళకి" అన్నాడు. బండి ఏదిరా అని నేను అడగలేదు. వాళ్ళ బండ్లు మా బండ్ల కన్నా పది రెట్లు మంచివి. రోడ్డు కూడా మంచిదే, టోలు గేట్ల దగ్గర ద్విచక్ర వాహనాలకు రుసుము కూడా లేదు. ఎన్ని రోజులు అని అడిగాను. నాలుగు రోజులు అన్నాడు. గురువారం రాత్రి షిఫ్టు అవగానే బయలుదేరి, సోమవారం రాత్రికి ఇల్లు చేరి, మంగళవారం లాగిన్ అవాలట. పోను 1,200 కిలోమీటర్లు, రాను 1,200. లెక్క వేయండి. రోజుకు 600, అందులో సగం రాత్రిపూట, నిద్ర లేని కళ్ళతో.

నాకు భయం వేసింది అక్కడ. మా అబ్బాయి, కోడలు భయపడుతున్నది మోటారు సైకిలును చూసి. నేను భయపడింది వాడి సెలవు చీటీని చూసి. పది రోజులు పెట్టరా అన్నాను. "పది రోజులు ఎవరిస్తారు తాతయ్యా, మా మేనేజరు నవ్వుతాడు" అన్నాడు. అరవై వేలో డెబ్బై వేలో జీతం తెచ్చే పిల్లవాడికి, మన గుమాస్తా ఉద్యోగంలో మనకు దొరికిన సెలవు దొరకడం లేదు. దీని గురించి కోపం తెచ్చుకోవలసినవాళ్ళు పిల్లలు కాదు. అయినా తెల్లవారుజామున మూడింటికి ఆగి ఉన్న లారీ వెనుక దీపం లేకపోతే, దానికి గుద్దుకునేది పిల్లలే.

మీ ఇంట్లో ఈ ప్రశ్న వస్తే వద్దు అని మొదటే అనకండి. వద్దంటే చెప్పకుండా వెళ్తారు. రాత్రిపూట నడుపుతారా అని అడగండి. ముందు ఎవరు, ఆఖర్న ఎవరు అని అడగండి. ఫోను పని చెయ్యకపోతే ఎక్కడ కలుసుకుంటారు అని అడగండి. మా మనవడు ఈ ఆఖరి ప్రశ్నకు నవ్వాడు, లొకేషన్ పంపుకుంటాం అన్నాడు. కల్హట్టి దారిలో సిగ్నలు ఉంటుందా అని అడిగితే తలగోక్కున్నాడు. హెల్మెట్టు వెనుక కూర్చున్నవారికీ తప్పనిసరి, చట్టంలోనే ఉంది. 1981లో మా అయిదుగురికీ కలిపి ఒకే ఒక్క హెల్మెట్టు, అది ఓవర్సీయరు గారిది. ఆ విషయంలో మమ్మల్ని ఆదర్శంగా తీసుకోవద్దు.

దారి విషయాలు కొన్ని మారాయి, అవీ తెలిసి ఉండాలి. మన అవుటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లలో ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు, గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కు సర్వీసు రోడ్డులోనే వెళ్ళాలి. బెంగుళూరు - మైసూరు కొత్త రహదారి ప్రధాన మార్గంలో 2023 ఆగస్టు నుంచి మోటారు సైకిళ్ళను రానివ్వడం లేదు. బందీపురం అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, 2009 నుంచి ఇదే పద్ధతి. రాత్రికి రాత్రి ఊటీ చేరుతాం అనేవాళ్ళకు ఇది ఒక్కటి చెబితే చాలు.

సెలవు దొరకని పిల్లలకు నేను చెప్పిన ఉపాయం ఒకటుంది. పోవడం మాత్రం బండి మీద, నాలుగైదు పగళ్ళలో మెల్లగా. తిరిగి రావడం రైల్లో. మోటారు సైకిలును రైల్వే పార్సిలు ఆఫీసులో బుక్ చేయవచ్చు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసివేయాలి, రిజిస్ట్రేషను కాగితం నకలు, గుర్తింపు కార్డు నకలు ఇవ్వాలి, బండికి గోనెపట్టా చుట్టించాలి. చుట్టేవాళ్ళు పెద్ద స్టేషన్ల దగ్గర ఉంటారు, రేటు ముందే మాట్లాడుకోవాలి. బండి మనం ఎక్కిన రైల్లోనే రావాలని లేదు, రెండు రోజులు ఆలస్యమైనా కంగారు పడనక్కర లేదు. దీనికి మా మనవడి స్నేహితుల్లో ముగ్గురు సరేనన్నారు. నాలుగోవాడికి, మా వాడికి ఇంకా బండి మీదే తిరిగి రావాలని ఉంది. మాటలు నడుస్తున్నాయి.

టైపిస్టు గారు లేచి నిలబడలేదు కాబట్టి నేను చెప్పినదంతా సరిగ్గా ఉన్నట్టే. ఖర్చుల పుస్తకం, ఆనాటి దారి పటం బల్ల మీద పెడుతున్నాను, భోజనాల తర్వాత చూడదలచినవారు చూడవచ్చు. పేజీలు పెళుసుగా ఉన్నాయి, మెల్లగా తిప్పండి.